పిట్టలదొర చేతి తుపాకి నిజమైతే

వాదాలకు కూడా వ్యాకరణం ఉంటుంది. ఒక వాదం ఏం చెబుతున్నదో తెలుసుకోవాలంటే అందులో కర్త ఎవరు, కర్మ ఎవరు, క్రియ ఏది అని విడదీసి చూడాలి. చాలాసార్లు అసలు కర్త వాక్యంలోనే కనిపించడు, వాక్యానికి బయట నిలబడి ఉంటాడు. అమెరికాలో తుపాకుల నియంత్రణ మీద దాదాపు యాభై ఏళ్ళుగా సాగుతున్న చర్చను, ఆ చర్చను తన గుప్పిట్లో పెట్టుకున్న తుపాకి లాబీ మాటలను ఈ దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా గొడవ చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకెందుకని కొందరు అడగవచ్చు. హైదరాబాదులో కాన్సులేటు వచ్చేదాకా కోస్తా, సీమ, తెలంగాణ పిల్లలందరూ వీసా కోసం మన అణ్ణా సాలైకే వచ్చి వరసలో నిలబడేవారు. మన ఇళ్ళలోని పిల్లలు ఈనాటికీ అక్కడే నిలబడుతున్నారు. 2007 డిసెంబరులో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లో, పని ముగించుకుని మిత్రుడితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును ‘మా దేశం వదిలి పో’ అంటూ ఒకడు కాల్చాడు. 2018 జులైలో కాన్సస్ సిటీలో ఒక హోటల్లో పనిచేస్తున్న వరంగల్లు విద్యార్థి చనిపోయాడు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ అంగడి సముదాయంలో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాదు నుంచి వెళ్ళిన యువతి ఉన్నది. 2024 నవంబరులో షికాగో దగ్గర ఖమ్మం కుర్రవాడు, 2025 అక్టోబరులో టెక్సాస్‌లో హైదరాబాదు విద్యార్థి, ఇద్దరూ పెట్రోలు బంకుల్లో పనిచేస్తూ తూటాలకు బలయ్యారు. ఈ జాబితా పూర్తి కాదు. మన తమిళ సోదరులకూ ఇటువంటి జాబితా ఉన్నది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపినప్పుడు, వారిలో గోబిచెట్టిపాళయం ప్రాంతం నుంచి వెళ్ళిన ఆచార్యుడు జి.వి. లోగనాథన్ ఉన్నారు.

ఈ వార్తలు మన పత్రికల్లో ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. ‘దుండగుడి కాల్పుల్లో తెలుగు విద్యార్థి దుర్మరణం.’ ఏళ్ళు మారినా ఈ వాక్యం మారలేదు. ఇందులో దుండగుడున్నాడు, విద్యార్థి ఉన్నాడు, మరణం ఉన్నది. తుపాకి లేదు. అది ఎక్కడ తయారైంది, ఎవరు అమ్మారు, కొన్నవాడి పూర్వాపరాలను ఎవరైనా అడిగారా, అడగనవసరం లేదని చట్టం చెబితే ఆ చట్టం ఎవరి ఒత్తిడితో అలా తయారైంది? ఇవేవీ ఉండవు. తర్వాతి వాక్యాలు మనకు కంఠతా వచ్చు. తల్లిదండ్రుల రోదన, మృతదేహం తరలింపు, మంత్రిగారి సంతాపం. ఇంత జరిగాక మిగిలేది ‘విధి’ అన్న మాట ఒక్కటే. తుపాకి లాబీ కోరుకునే వాక్యం సరిగ్గా ఇదే. డబ్బు పుచ్చుకోకుండా మనం దానికి రాసి పెడుతున్నాం.

* * *

తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర అని ఒక జానపద కళాకారుడు తిరిగేవాడు. తుపాకి రాముడు అని కూడా అంటారు. ఖాకీ నిక్కరు, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకి. అతని కళ అంతా గొప్పలు చెప్పడంలో ఉంటుంది. లేని జాగీర్లు, లేని సైన్యాలు, వెయ్యని వేటలు, అన్నీ ఒక్క ఊపిరిలో కోసేస్తాడు. జనం నవ్వుతారు. ఎందుకు నవ్వుతారంటే ఆ తుపాకి కట్టెది. తుపాకి చేతిలో ఉన్నవాడికి నోటికి అదుపు ఉండదని, తుపాకి వల్ల వచ్చిన గౌరవం అసలు గౌరవం కాదని ఆ ఆట చూసిన ప్రతి పిల్లవాడికీ తెలుస్తుంది. దొరను, దొర తుపాకిని కలిపి వెక్కిరించిన కళ అది.

అమెరికా తుపాకి లాబీ ప్రతినిధుల ఉపన్యాసాలు చదివితే పిట్టలదొర గుర్తుకు రాకమానడు. అవే గొప్పలు, అదే శౌర్యం, అవే ఊహా శత్రువులు. ఒక్కటే తేడా. చేతిలోది కట్టె తుపాకి కాదు.

ఆ సంస్థ పుట్టుకలో ఈ ధోరణి లేదు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను 1871లో న్యూయార్కులో అంతర్యుద్ధంలో పాల్గొన్న ఇద్దరు మాజీ సైనికాధికారులు స్థాపించారు. మన సైనికులకు గురి కుదరడం లేదు, గురి నేర్పాలి అన్నది వారి లక్ష్యం. మెషిన్ గన్నుల మీద పన్ను, రిజిస్ట్రేషన్ విధించిన 1934 చట్టం తయారైనప్పుడు ఆ సంస్థ అధ్యక్షుడే కాంగ్రెసు సంఘం ముందు కూర్చుని మాట్లాడి, ఆంక్షలు ఏదో ఒక మేరకు ఉండవచ్చునని ఒప్పుకున్నాడు. 1967లో కాలిఫోర్నియాలో నల్లజాతి యువకులు బాహాటంగా తుపాకులు పట్టుకుని తిరిగినప్పుడు, దాన్ని నిషేధించే చట్టానికి ఈ సంస్థే మద్దతిచ్చింది. తుపాకి పట్టే హక్కు అందరిదీ అనే మాట అప్పటికింకా పుట్టలేదన్నమాట. ఆ మాట అన్నివేళలా అందరికీ వర్తించలేదన్నది కూడా అక్కడే తెలుస్తున్నది. 1977లో సిన్సినాటి నగరంలో జరిగిన వార్షిక సమావేశంలో పాత నాయకత్వాన్ని కూలదోసి, ఏ నియంత్రణనూ ఒప్పుకోని వర్గం సంస్థను పట్టుకున్నది. వేటగాళ్ళ సంఘం ఒక రాత్రిలో రాజకీయ సైన్యమయింది.

ఆ తర్వాత చేసిన పని చూస్తే లాబీ అంటే ఏమిటో అర్థమవుతుంది. 1993లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది అని దాని సారాంశం. ఆ పరిశోధనకు డబ్బు ఇచ్చింది అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం. లాబీ ఆ పరిశోధనలో తప్పు వెతికి, ఎదురు పరిశోధన చేసి జవాబు చెప్పి ఊరుకుని ఉంటే అది వాదం అయ్యేది. అలా ఊరుకోలేదు. 1996లో జే డికీ అనే ప్రతినిధి పేరుతో ఒక సవరణ వచ్చింది. ఆ కేంద్రం నిధులను తుపాకి నియంత్రణను సమర్థించడానికి వాడకూడదని అందులో రాశారు. అంతకు ముందు ఏడాది తుపాకి పరిశోధనకు ఖర్చయిన 26 లక్షల డాలర్లు ఎంతో లెక్కగట్టి, అంత సొమ్మునూ బడ్జెటులో కోసేశారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పరిశోధన దాదాపు ఎండిపోయింది. సవరణకు పేరిచ్చిన డికీ స్వయంగా 2012లో, ఈ పరిశోధన జరగాలి అని బహిరంగంగా రాశాడు. 2019 చివరిలో గాని నిధులు తిరిగి రాలేదు.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఒక వాదం తన ఎదుటి వాదాన్ని ఖండించడం వేరు, లెక్కలు తీసే వాడి చేతిలో పలక లాక్కోవడం వేరు. మొదటిది చర్చ. రెండవది చర్చను లేకుండా చేయడం.

2005లో ఇంకో చట్టం వచ్చింది. తుపాకితో నేరం జరిగితే, తయారుచేసిన కంపెనీ మీద, అమ్మిన వర్తకుడి మీద వేసే దావాలను చాలా మటుకు అది అడ్డుకున్నది. కొన్ని మినహాయింపులున్నాయి. ఆ సందులోంచే శాండీ హుక్ పాఠశాలలో పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలు ఏళ్ళ తరబడి పోరాడి, 2022లో రెమింగ్టన్ కంపెనీ బీమా సంస్థల నుంచి 7 కోట్ల 30 లక్షల డాలర్ల పరిహారం సాధించాయి. ఒక సరుకు తయారుచేసేవాడికి ఇంత విశాలమైన గొడుగు ఇచ్చిన చట్టాలు అరుదు.

శాండీ హుక్ ఘటన 2012 డిసెంబరు 14న జరిగింది. 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు. సరిగ్గా వారం తిరిగేసరికి ఆ సంస్థ నాయకుడు వేన్ లాపియెర్ పత్రికల వారి ముందుకు వచ్చి, తుపాకి ఉన్న చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకి ఉన్న మంచివాడు మాత్రమే అన్నాడు. ఈ మాట ప్రపంచమంతా తిరిగింది. దీని వ్యాకరణం చూడండి. ఇందులో మనుషులు పుట్టుకతోనే రెండు జాతులు, మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు. నిన్నటి మంచివాడు ఇవాళ తాగి, కోపం వచ్చి, ఉద్యోగం పోయి, మనసు చెడి మరో మనిషి కావడం ఈ వాక్యంలో జరగదు. పిట్టలదొర కథల్లో కూడా ఇంతే, తాను తప్ప తక్కిన వాళ్ళంతా పులులూ దొంగలూ.

జీవితం అలా ఉండదని మన చెన్నై నగరానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1967 జనవరి 12న రామావరం ఇంట్లో ఎం.జి. రామచంద్రన్ మెడలో తూటా దించినవాడు వీధి రౌడీ కాదు. ఆయనతో ఎన్నో చిత్రాల్లో కలిసి నటించిన ఎం.ఆర్. రాధా. మాట్లాడుకోవడానికి వచ్చిన మనిషి. కోర్టు తేల్చినదాని ప్రకారం ఆయన తనను తాను కూడా కాల్చుకున్నాడు. ఇద్దరూ బతికారు గాని ఒకరి గొంతు మునుపటిలా పలకలేదు, ఒకరు జైలుకు వెళ్ళారు. ఆ గదిలో చెడ్డవాడెవరు, మంచివాడెవరు అని రాజకీయ అభిమానాలను బట్టి ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు. తుపాకి లేకపోతే అది పెద్ద మాటల తగవుగా ముగిసేదన్నది మాత్రం అందరూ ఒప్పుకోవలసిన విషయం.

అమెరికాలో 2021లో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. తనను తాను కాల్చుకునే మనిషి విషయంలో ‘మంచివాడి తుపాకి’ ఎవరిని ఆపుతుంది? తుపాకి లాబీ ఉపన్యాసాల్లో ఈ సగం మంది ఎక్కడా కనిపించరు. వీళ్ళను లెక్కలోకి తీసుకుంటే వాక్యం కూలిపోతుంది కనుక.

* * *

ప్రజలకు కావాలి, అందుకే చట్టాలు అలా ఉన్నాయి, మధ్యలో లాబీదేముంది అనేవారున్నారు. ఈ మాటను తేలిగ్గా తోసెయ్యకూడదు. తుపాకి అంటే ప్రేమ ఉన్న అమెరికన్లు నిజంగానే కోట్ల మంది ఉన్నారు. 2018 నాటి ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ఆ దేశంలో పౌరుల చేతుల్లోని తుపాకులు 39 కోట్ల పైచిలుకు, జనాభా కంటే ఎక్కువ. అయినా 2013లో జరిగింది చూడండి. తుపాకి కొనేవాడి పూర్వాపరాల తనిఖీని సంతల్లోనూ, ఇంటర్నెట్టులోనూ జరిగే అమ్మకాలకు కూడా విస్తరించాలన్న ప్రతిపాదన సెనేట్‌కు వచ్చింది. అప్పటి పలు సర్వేల్లో పదిమందిలో తొమ్మిది మంది దాకా దాన్ని సమర్థించారు. తుపాకి ఉన్నవాళ్ళలో కూడా అధిక సంఖ్యాకులు సమర్థించారు. సెనేట్‌లో 54 మంది అనుకూలంగా, 46 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. నిబంధనల ప్రకారం 60 కావాలి. ప్రతిపాదన పడిపోయింది. తొమ్మిది మంది కోరినది పదో మనిషి ఆపాడు. సంఖ్య గెలవలేదు, సంఘటితత్వం గెలిచింది. ఆ పదో మనిషి ఈ ఒక్క విషయం మీదే ఓటు వేస్తాడు, ఉత్తరం రాస్తాడు, చందా ఇస్తాడు. తక్కిన తొమ్మిది మంది తల ఊపి ఇంటికి వెళ్ళిపోతారు.

తమిళనాట ఉన్న తెలుగువాళ్ళకు ఈ పాఠం కొత్త కాదు. మనం లక్షల్లో ఉన్నామని సభల్లో చెప్పుకుంటాం. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు మన బళ్ళలో తెలుగు గతి ఏమిటన్న ప్రశ్నకు ఎంత మంది గొంతు కలిపారో మనకు తెలుసు. అందుకని ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మనమే వేసుకోవాలి. తెలుగు పాఠశాలల కోసం, తెలుగు పరీక్ష పత్రం కోసం మనం మంత్రుల దగ్గరకు వెళ్ళి విన్నవించుకుంటాం కదా, అది కూడా లాబీయే కదా. మన విన్నపం న్యాయమైతే, వాళ్ళది అన్యాయం ఎలా అయింది?

తేడా ఉన్నది. చిన్న సమూహం తన మాట వినిపించుకోవడానికి కూడగట్టుకోవడం ప్రజాస్వామ్యంలో తప్పు కాదు, అవసరం. అయితే మనం అడిగేటప్పుడు జనాభా లెక్కలు చూడండి అంటాం, బళ్ళలో పిల్లలను లెక్కపెట్టండి అంటాం. లెక్కలు బయటికి వస్తే మనకు లాభం. తుపాకి లాబీ లెక్కలు ఆపమంటుంది. మనం అడిగినది దొరికితే ఎదుటివాడి ప్రాణానికి ముప్పు లేదు. వాళ్ళు అడిగినది దొరికితే ఉన్నది. మన వెనుక తల్లిదండ్రులున్నారు. వాళ్ళ వెనుక తల్లిదండ్రులతో పాటు ఒక పరిశ్రమ ఉన్నది, దానికి అమ్మకాలు కావాలి. లెక్కకు భయపడుతున్నదా, ఎవరి ప్రాణం ఒడ్డుతున్నది, ఎవరి సరుకు అమ్ముతున్నది అన్న మూడు ప్రశ్నలతో ఏ లాబీనైనా తూచవచ్చు. మనల్ని మనం కూడా తూచుకోవచ్చు.

* * *

తుపాకి హక్కు వాదులు అమెరికాలోనూ, మన దేశంలోనూ ఇష్టంగా ఎత్తుకునే సాక్షి ఒకరున్నారు. ఆయన పేరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. గాంధీ. ఇంగ్లీషువారి పాలనలో జరిగిన అపచారాలన్నిటిలోకీ ఒక జాతిని మొత్తం నిరాయుధం చేసిన చట్టాన్ని చరిత్ర అతి నల్లనిదిగా చూస్తుందన్న అర్థం వచ్చే మాట ఆయన ఆత్మకథలో ఉన్నది. ఉన్న మాట నిజమే. సాహిత్య విమర్శ తెలిసినవాడు ఇక్కడ అడగవలసినది, ఆ మాట ఎక్కడ, ఎవరితో, ఎందుకు అన్నారు అని.

అది 1918. మొదటి ప్రపంచ యుద్ధం. ఖేడా జిల్లాలో గాంధీ బ్రిటిషు సైన్యంలో చేరమని ఊరూరా తిరుగుతున్నారు. సత్యాగ్రహం చేయించిన మనిషే యుద్ధానికి రమ్మంటున్నాడేమిటని రైతులు ముఖం తిప్పుకుంటున్నారు. ఆ సమయంలో వేసిన కరపత్రంలోని మాట అది. ఆయుధ చట్టం పోవాలంటే, ఆయుధం పట్టడం నేర్చుకోవాలంటే సైన్యంలో చేరండి, సర్కారుకు మనమీద అపనమ్మకం పోతుంది అని దాని తర్కం. ఆ తర్కంతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. అది పరాయి పాలనలో ఒక జాతికి జరిగిన అవమానం గురించిన మాట. ఇంటింటికీ పిస్తోలు కావాలన్న మాట కాదు. ముందు వాక్యాన్ని, వెనుక వాక్యాన్ని కోసి మధ్య వాక్యాన్ని అట్టల మీద అచ్చువేయడం సాహిత్యంలో చేస్తే వక్రీకరణ అంటాం. రాజకీయాల్లో చేస్తే ప్రచారం అంటున్నాం.

గాంధీ తిట్టిన ఆ చట్టం 1878 నాటిది. వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చింది. భారతీయుడు ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, ఐరోపావారికి అక్కరలేదు. అదే ఏడాది అదే లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టాన్ని కూడా తెచ్చాడు. దక్షిణాదికి అది వర్తించలేదు గాని, ఉత్తరాది భాషల పత్రికలకు ఉరి బిగించింది. ఒకే ఏడాది, ఒకే చేత్తో, తుపాకి మీదా కలం మీదా వేటు వేశారు. తర్వాత ఈ రెండింటి కథా వేరు దారులు పట్టింది. పత్రికల చట్టం రిప్పన్ హయాంలో రద్దయింది. ఆయుధాల చట్టం 1959లో కొత్త చట్టం వచ్చేదాకా బతికింది.

మన ప్రాంతంలో ఆ నిరాయుధీకరణ ఎంత లోతుగా తగిలిందో మన్యం చెబుతుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు తీసుకుపోయాడు. మన్యం ప్రజలకు తుపాకి దొరికే చోటు పోలీసు స్టేషను ఒక్కటే అన్నమాట. 1931 కరాచీ కాంగ్రెసు హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును చేర్చడానికి ఈ అనుభవమే కారణం.

అయితే స్వతంత్రం వచ్చాక, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చినప్పుడు అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కరాచీ నాటి పరిస్థితి వేరు, నేటి పరిస్థితి వేరు అన్నారు. ముఖ్యమైనది వ్యక్తికి ఆయుధ హక్కు కాదు, అవసరం వచ్చినప్పుడు దేశం కోసం ఆయుధం పట్టే బాధ్యత అన్నారు. సభ ఆయనతో ఏకీభవించింది. కలం హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో వాక్ స్వాతంత్ర్యం పేరుతో చోటు చేసుకున్నది. ఆయుధం కూడా ఆ అధికరణంలో కనిపిస్తుంది, ఎలా? ‘ఆయుధాలు లేకుండా’ శాంతియుతంగా సమావేశమయ్యే హక్కులో. 1878లో రెండూ పోగొట్టుకున్న జాతి, తిరిగి రాసుకునే అవకాశం వచ్చినప్పుడు ఒకదాన్ని హక్కుగా రాసుకున్నది, రెండోదాన్ని రాసుకోలేదు. తెలిసి చేసిన ఎంపిక ఇది. 2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని ఆయుధాల విషయం విచారిస్తూ సుప్రీంకోర్టు కూడా, అమెరికాలోలాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తు చేసింది.

* * *

మన దగ్గర లాబీ లేదు కదా అని నిశ్చింతగా ఉండవచ్చా? 2019లో కేంద్రం ఆయుధాల చట్టానికి సవరణ బిల్లు తెచ్చింది. అప్పటిదాకా ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు, దాన్ని ఒకటికి కుదించాలన్నది బిల్లు. అభ్యంతరాలు వచ్చాయి, వంశపారంపర్య తుపాకుల మాట వచ్చింది, ఆ డిసెంబరులో చట్టం అయ్యే సమయానికి ఒకటి కాస్తా రెండయింది. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. ఇది అమెరికా కథ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒకటి రెండు కావడానికి కారణమైన గొంతులు పొలంలో అడవి పందులతో వేగే చిన్న రైతువి కావు. తరతరాలుగా నాటు తుపాకితో పిట్టలు కొట్టుకు బతికిన మన నక్కలవాళ్ళవీ కావు. ‘సామాన్యుడి ఆత్మరక్షణ’ అంటూ మాట్లాడేవారి ఊహలోని సామాన్యుడు ఎవరో కాస్త వెతకాలి.

వెతకడానికి పనికివచ్చే ఆధారం ఒకటున్నది. 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమంటూ ఒక చిన్న రివాల్వరును విడుదల చేసింది. బరువు అరకిలో. ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. పేరు ‘నిర్భీక్’. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఘోరానికి బలైన అమ్మాయికి దేశం పెట్టుకున్న పేరును తలపించే పేరు. రాత్రి బస్సులో ఇంటికి వెళ్ళే ఆడపిల్లకు భద్రత కావాలంటే వీధి దీపాలు కావాలి, బస్సులు కావాలి, ఫిర్యాదు తీసుకునే పోలీసు స్టేషను కావాలి. వీటి బదులు ఏడాది జీతం ఖరీదు చేసే ఒక ఇనుప ముక్క చూపించి నిర్భయంగా ఉండమనడం, ఒక దుఃఖాన్ని సరుకు పేరుగా మార్చడం, అమెరికా లాబీ భాష మన భాషలోకి అనువాదమవుతున్నదనడానికి గుర్తు. 2021లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు కంపెనీలయ్యాయి, మన తిరుచిరాపల్లి కర్మాగారం కూడా అందులో ఒక కంపెనీ కిందకు వెళ్ళింది. కంపెనీకి బజారు కావాలి. ఈ బజారుకు పెట్టుబడి భయం.

ఒక మాట తెలుగు సాహిత్యం గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. తుపాకి మీద మోజు మనకు అమెరికా నుంచే వచ్చిందనలేం. 1971లో ఈ మద్రాసులోనే తయారైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ కౌబాయ్ తుపాకిని తెలుగు తెర మీదకు తెచ్చింది, అది వినోదం. ఆ రోజుల్లోనే విప్లవ కవిత్వం తుపాకిని విముక్తికి గుర్తుగా నిలబెట్టింది, అది ఆవేదన. నిరాయుధుడు కలలో చూసిన తుపాకిని, వర్తకుడు అంగట్లో పెట్టిన తుపాకిని ఒకే గాటన కట్టడం అన్యాయమే. కానీ కవితలో ప్రతీకగా ఉన్నంతసేపూ తుపాకి ఎవరినీ గాయపరచదు. చేతిలోకి వచ్చాక అది పట్టినవాడి ఆశయం అడగదు. హింస ఎవరు చేసినా దాని ఫలితాన్ని విడిగా పరిశీలించాలని తెలుగులో పట్టుబట్టి రాసినవారు కె. బాలగోపాల్. రాజ్యం చేతి తుపాకిని జీవితమంతా ప్రశ్నించిన మనిషి ఆయన. అందువల్లే తక్కిన తుపాకులను కూడా ప్రశ్నించగల అర్హత ఆయనకు దక్కింది. తుపాకి లాబీని విమర్శించే మనకు కూడా ఆ నిలకడ అవసరం. ఎన్‌కౌంటరు వార్త చదివి చప్పట్లు కొట్టే చెయ్యి, టెక్సాస్ కాల్పుల వార్త చదివి కన్నీరు తుడుచుకుంటే ఆ కన్నీటికి విలువ తక్కువ.

నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మునుపటంత బలంగా లేదు. లాపియెర్ 2024 జనవరిలో రాజీనామా చేశాడు, సంస్థ డబ్బును సొంత విలాసాలకు వాడుకున్నాడని మరుసటి నెలలో న్యూయార్కు జ్యూరీ తేల్చి, 40 లక్షల డాలర్లకు పైగా తిరిగి కట్టమన్నది. 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, దాదాపు ముప్పయ్యేళ్ళలో మొదటిసారి అక్కడ కాస్త గట్టి కేంద్ర చట్టం వచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు, తుపాకి వెంట పెట్టుకుని తిరగడానికి తగిన కారణం చూపాలన్న న్యూయార్కు నిబంధనను కొట్టేసింది. సంస్థ చితికినా అది నాటిన వాక్యం చితకలేదు. విత్తనం వేసినవాడు పోయినా చెట్టు నిలబడినట్టు.

తమిళులు తుప్పాక్కి అంటారు, మనం తుపాకి అంటాం. తుర్కీ నుంచి వచ్చిన ఒకే మాట ఇద్దరి నాలుకల మీదా స్థిరపడింది. మన ఊళ్ళో ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించమని ఉత్తర్వు వస్తుంది. ప్రజలు నిర్ణయించుకునే రోజుల్లో తుపాకి బల్ల మీద ఉండకూడదని ఆ చిన్న ఉత్తర్వు ఒప్పుకుంటున్నది. మాట్లాడుకునే చోటికి తుపాకి రాకూడదన్నది ఎన్నికలప్పుడు న్యాయమైతే, తక్కిన రోజుల్లో ఎందుకు కాదు?

అమెరికా చట్టాలను మార్చే ఓటు మనకు లేదు, అక్కడ పౌరులైన మన బంధువులకు ఉన్నది. వారికి ఆ మాట గుర్తు చేసే హక్కు మనకున్నది. అంతకంటే ముందు మన చేతిలోనే ఉన్న పని ఒకటున్నది. ఇంకొక పిల్లవాడి వార్త రాకూడదనే కోరుకుందాం. ఒకవేళ రావలసి వస్తే, పత్రికల్లో రాసేవారు ఆ వాక్యంలోకి తుపాకిని తీసుకురండి. అది ఏ రకం, ఎక్కడ కొన్నది, ఎవరు అమ్మారు, అమ్మేటప్పుడు ఏ ప్రశ్న అడగనక్కరలేదని ఏ చట్టం చెప్పింది, ఆ చట్టానికి చేతులెత్తినవారెవరు అన్నది రాయండి. విధి అన్న మాటను మాత్రం కొట్టివేయండి. కర్త ఎవరో తెలిసిన పనికి విధి పేరు పెట్టడం తల్లిదండ్రుల దుఃఖానికి కూడా అగౌరవమే.